సొంత పిల్లలాగే చూసుకుంటాం

మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉండేవాళ్లింటికి ఈ మధ్య ఒక అమ్మాయి వచ్చింది. పదకొండో పన్నెండో ఉంటాయి. పొద్దున్నే కిందికొచ్చి పాల ప్యాకెట్లు తీసుకెళ్తుంది. సాయంత్రం వాళ్ల చంటివాణ్ని చంకనేసుకుని పార్కింగ్‌లో తిప్పుతుంది. మొన్న లిఫ్ట్‌లో ఆవిడా, ఆ పిల్లా, నేనూ కలిసి ఎక్కాం. నేనేమీ అడగలేదు. ఆవిడే చెప్పింది: "మా అత్తగారి ఊరి పిల్లండీ. వాళ్ల నాన్న ఒట్టి తాగుబోతు. ఇక్కడుంటే మూడు పూటలా కడుపు నిండా తింటుందని తెచ్చుకున్నాం. సొంత పిల్లలాగే చూసుకుంటున్నాం."

"మంచి పని చేశారండీ" అన్నాను. నా అంతస్తు వచ్చింది, దిగిపోయాను. తలుపు తాళం తీస్తుంటే అర్థమైంది, ఆవిడన్న మాట సరిగ్గా అలాగే అంతకుముందు రాత్రే నేను చదివానని. కాకపోతే అది అన్నది హాంగ్‌కాంగ్‌లో ఒక గవర్నరు, వందేళ్ల కిందట.

హాంగ్‌కాంగ్ దాకా నేనెందుకు వెళ్లానో చెప్పాలి. చర్చిల్ మీద కోపంతో వెళ్లాను. బెంగాల్ కరువు గురించి చదివిన ఏ భారతీయుడికైనా ఉండే కోపమే. ఆయన వలసల మంత్రిగా ఉన్న 1921, 22 సంవత్సరాల్లో ఏం చేశాడో చూద్దామని మొదలుపెడితే, ఒకచోట ఆయన తన గవర్నర్ల మాట కాదని పనిపిల్లల పక్షాన నిలబడ్డాడు. నాకు చిరాకేసింది. మనకు నచ్చనివాళ్లు ఒక్కోసారి మంచి పని చేసి మన లెక్కలు పాడుచేస్తారు. ఆ చిరాకుతోనే మిగతాదంతా చదివాను.

హాంగ్‌కాంగ్‌లో ఆ పిల్లల్ని మూయ్ త్సాయ్ అనేవారు. అక్కడి చైనీయుల భాష కాంటనీస్‌లో దానికి అర్థం చిట్టి చెల్లెలు. ఎంత ముద్దుగా ఉందో చూడండి. పేద తల్లిదండ్రులు, ఎక్కువగా కరువులోనో అప్పుల్లోనో ఉన్నవాళ్లు, ఒక మధ్యవర్తి ద్వారా ఆడపిల్లని కలవారింటికి ఇచ్చేవారు. డబ్బు చేతులు మారేది. ఒక కాగితం రాసుకునేవారు. కాగితంలో అమ్మకం అని ఉండదు, పిల్లని బహూకరించాం అన్నట్టు ఉంటుంది. ఆ పిల్ల జీతం లేకుండా ఇంటిచాకిరీ చెయ్యాలి. తిండి, బట్ట వాళ్లు పెట్టాలి. పద్దెనిమిది దాటాక యజమానే సంబంధం చూసి పెళ్లి చెయ్యాలి. ఇదీ ఆచారం. మంచి ఇల్లు దొరికినవాళ్లకు అలాగే జరిగేది కూడా. దొరకనివాళ్లు దెబ్బలు తినేవారు, ఇంకో ఇంటికి అమ్ముడయ్యేవారు, కొందరు వేశ్యాగృహాలకు చేరేవారు. ఏ ఇల్లు దొరుకుతుందో పిల్ల చేతిలో లేదు.

ఇక ఇంగ్లీషువాళ్ల ఇరకాటం. 1833లోనే తమ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం చేసుకున్నారు. దాన్ని దేశదేశాలకూ చెప్పుకుని గర్వపడేవారు. 1841లో హాంగ్‌కాంగ్ ఆక్రమించగానే కెప్టెన్ ఎలియట్ ఒక ప్రకటన చేశాడు. ఇక్కడి చైనీయుల్ని వాళ్ల చట్టాలు, ఆచారాల ప్రకారమే పాలిస్తాం, ఒక్క చిత్రహింస మాత్రం ఒప్పుకోం అన్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కిటుకు తెలుస్తుంది. మూయ్ త్సాయ్ బానిసత్వం అయితే అది బ్రిటిష్ జెండా కింద ఒక్క రోజు కూడా ఉండకూడదు. అది ఆచారం అయితే దాన్ని ముట్టుకోకూడదు, మాట ఇచ్చారు కాబట్టి. వేల మంది పిల్లల బతుకు ఒక్క మాట మీద ఆగింది. అందుకే తర్వాత వందేళ్లు అధికారులు పిల్లల మీద పెట్టాల్సిన శ్రద్ధంతా ఆ మాట మీద పెట్టారు.

మొదట గొడవ లేపింది బయటివాళ్లు కాదు, సాక్షాత్తూ అక్కడి ప్రధాన న్యాయమూర్తి. సర్ జాన్ స్మేల్ అనే ఆయన 1879లో పిల్లల్ని ఎత్తుకుపోయి అమ్మిన కేసులు విచారిస్తూ ఒక సంగతి గమనించాడు. ఎత్తుకుపోయినవాడికి జైలు పడుతోంది, కొన్నవాళ్ల జోలికి ఎవరూ పోవడం లేదు. కొన్నవాళ్లంతా ఊళ్లో పెద్దమనుషులు. ఇది బానిసత్వమే, ఈ కాలనీలో పది నుంచి ఇరవై వేల మంది బానిసలున్నారు అని బెంచి మీద నుంచే అన్నాడు. అప్పుడు హాంగ్‌కాంగ్ జనాభా మొత్తం లక్షన్నర చిల్లర. ఆ అంకె ఎక్కువ చేసి చెప్పిందే అనుకుందాం. సగానికి సగం కొట్టేసినా చిన్నదేం కాదు.

జవాబు రెండు వైపుల నుంచి వచ్చింది. చైనీయ వర్తకులు, అంతకుముందు ఏడాదే కిడ్నాప్ అయిన ఆడపిల్లల్ని కాపాడడానికి పో లెయుంగ్ కుక్ అనే సంస్థ పెట్టాలని అర్జీ పెట్టుకున్నవాళ్లే, మూయ్ త్సాయ్ వేరు, కిడ్నాప్ వేరు అన్నారు. ఈ ఆచారం లేకపోతే పేదవాళ్లు ఆడపిల్లల్ని పుట్టగానే చంపేస్తారు అన్నారు. ప్రభుత్వం తరఫున ఐటెల్ అనే జర్మన్ పండితుడు ఒక నివేదిక రాశాడు. మిషనరీగా వచ్చి సర్కారు కొలువులో చేరిన మనిషి, చైనా భాష, సంస్కృతి బాగా ఎరిగినవాడు. చైనీయుల కుటుంబ వ్యవస్థ వేరు, ఇందులో దాసి కూడా కుటుంబంలో భాగమే, పాశ్చాత్య దేశాల బానిసత్వంతో దీన్ని పోల్చకూడదు అని ఆయన సారాంశం. ఎంత చదువుకున్న మాట! పరాయి సంస్కృతిని గౌరవించడం ఎలాగో తెలిసినవాడి మాట. ఇవాళ ఏ యూనివర్సిటీ సెమినార్‌లో చదివినా చప్పట్లు పడతాయి. ఆ మాటతో దెబ్బ తిన్నది మాత్రం గిన్నెలు తోముతున్న పిల్ల. లండన్ ఆ నివేదికలు తెప్పించుకుంది, చదివింది, ఫైలు మూసింది. స్మేల్ రిటైరయ్యాడు.

నలభై ఏళ్లు గడిచాయి. 1919లో హ్యూ హేజిల్‌వుడ్ అనే నౌకాదళ అధికారి, ఆయన భార్య క్లారా హాంగ్‌కాంగ్ వచ్చారు. ఆయన పని ఓడల మ్యాపుల డిపో చూసుకోవడం. క్లారా చర్చిలో ఈ పిల్లల గురించి ఒక ప్రసంగం విన్నది. పక్కింట్లోంచి ఒక పిల్ల ఏడుపు కూడా విన్నది. అంతే, స్థానిక పత్రికలకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది.

గవర్నరు సర్ రెజినాల్డ్ స్టబ్స్ ఏం చేశాడో చూడండి. పిల్ల ఏడుస్తోందా లేదా అని కనుక్కోవడానికి మనిషిని పంపలేదు. నౌకాదళం పెద్దలకు ఫిర్యాదు చేశాడు. భార్య నోరు మూయించమని భర్త మీద ఒత్తిడి వచ్చింది. ఆయన ఉద్యోగమే వదులుకుని భార్యతో ఇంగ్లండు వెళ్లిపోయాడు. హాంగ్‌కాంగ్ అధికారులు జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అదే అనుకుంటాను. హాంగ్‌కాంగ్‌లో ఉండుంటే ఆవిడ ఉత్తరాలు ఏదో ఒక రోజు ఆగిపోయేవి. ఇంగ్లండులో ఆ దంపతులు పదేళ్లకు పైగా ఎంపీలకు, పత్రికలకు, మహిళా సంఘాలకు, బానిసత్వ వ్యతిరేక సంఘానికి రాస్తూనే ఉన్నారు. వదలని మనుషులు. అధికారుల దృష్టిలో చాదస్తులు, ప్రచార పిచ్చి ఉన్నవాళ్లు. మన దగ్గరైనా అంతే కదా, ఊళ్లో ఒకే విషయం మీద పదేళ్లు అర్జీలు పెట్టేవాణ్ని "వాడికి పనీపాటా లేదు" అనే అంటాం.

స్టబ్స్ దుర్మార్గుడని నేననను. ఆయన భయం నిజమైనదే. పిడికెడు మంది ఇంగ్లీషువాళ్లు ఆరు లక్షల పైచిలుకు చైనీయుల్ని పాలిస్తున్నారు. ఆ పాలన నడిచేది ఒక నాలుగైదు డజన్ల మంది చైనీయ ధనికుల సహకారంతో. ఆ ధనికుల ఇళ్లల్లోనే మూయ్ త్సాయ్‌లు ఉన్నారు. 1922 మొదట్లో ఓడ కార్మికుల సమ్మెతో రేవు మొత్తం స్తంభించింది. అలాంటప్పుడు తనవైపున్న ఆ కొద్దిమంది ఇళ్లల్లోకి పోలీసుల్ని పంపడమా? కాకపోతే ఈ భయాన్ని భయం అని రాసుండాల్సింది. "చైనీయుల మనోభావాలు" అని రాశారు. ఆ చైనీయులెవరు?

ఎందుకంటే మనోభావాలు ఒక్కటిగా లేవు. 1921లో హాంగ్‌కాంగ్ చైనీయుల్లోనే రెండు సంఘాలు పుట్టాయి. లావ్ చూ పాక్, హో ఫూక్ లాంటి పెద్దలు పెట్టినదాని పేరు మూయ్ త్సాయ్ రక్షణ సంఘం. చైనీయ క్రైస్తవులు, కార్మిక సంఘాలవాళ్లు కలిసి పెట్టినదాని పేరు మూయ్ త్సాయ్ వ్యతిరేక సంఘం. పేర్లు మాత్రమే విన్నవాడు రక్షణ సంఘానికే చందా ఇస్తాడు. రక్షణ సంఘం కోరింది పిల్లల్ని బాగా చూసుకోవాలని, కొట్టకూడదని, కానీ పద్ధతి ఉండాలని. వ్యతిరేక సంఘం కోరింది పద్ధతే పోవాలని. ఇద్దరూ చైనీయులే. గవర్నరుకి మాత్రం "చైనీయుల అభిప్రాయం" అంటే మొదటివాళ్లది. 1927లో, నది ఎగువనున్న కాంటన్ నగరంలోని చైనా ప్రభుత్వం తనే ఈ పద్ధతిని నిషేధించాక కూడా, నది కిందనున్న బ్రిటిష్ అధికారులు చైనా ఆచారం పేరు చెబుతూనే ఉన్నారు. అసలు హక్కుదారుడు వదిలేసిన ఆచారాన్ని కాపలా మనిషి మోయడం ఇదే.

1921 జనాభా లెక్కల్లో మూయ్ త్సాయ్‌లని విడిగా లెక్కపెట్టారు. 8,653 మంది తేలారు. పార్లమెంటులో ప్రశ్నలు పడుతున్నాయి. చర్చిల్‌కి ఇక సమర్థించుకునే ఓపిక పోయింది. 1922 మార్చిలో కామన్స్ సభలో, ఈ పద్ధతిని ఏడాదిలోగా రద్దు చేస్తామని ప్రకటించాడు. స్టబ్స్ అభ్యంతరాలు చెప్పాడు, లండన్ వినలేదు. 1923లో ఆడపనివాళ్ల చట్టం వచ్చింది. కొత్తగా ఎవర్నీ మూయ్ త్సాయ్‌గా తీసుకోకూడదు. పదేళ్ల లోపు ఆడపిల్లని ఇంటిపనిలో పెట్టుకోకూడదు. ఉన్నవాళ్లందర్నీ ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించాలి. చదువుతుంటే నాకు ముచ్చటేసింది. తర్వాతి వాక్యం చదివేదాకానే లెండి. రిజిస్ట్రేషన్ సంగతి చెప్పే మూడో భాగాన్ని మాత్రం అమల్లోకి తేలేదు. చట్టపుస్తకంలో అచ్చయి ఉంది, తేదీ లేదు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న పనితనం ఇదే. కాదని అనకుండా కాదనడం. పేర్లు రాసుకోకపోతే ఎవరు పాతవాళ్లో ఎవరు కొత్తవాళ్లో తెలియదు. తెలియకపోతే కొత్తగా తీసుకోవడం నేరం అన్న మాటకు అర్థం లేదు. ఇన్‌స్పెక్టర్ ఏ ఇంటికి వెళ్లాలో తెలియదు, అసలు ఇన్‌స్పెక్టరే అక్కర్లేదు. కాబట్టి కేసులు ఉండవు. కేసులు లేవు కాబట్టి పద్ధతి అంతరించిపోతోందని లండన్‌కి రాయొచ్చు. ఆరేళ్లపాటు అలాగే రాశారు. మధ్యలో 1925, 26ల్లో కాంటన్, హాంగ్‌కాంగ్ మహాసమ్మె వచ్చిపడింది, ఇక కదిలించే ప్రశ్నే లేదు. మన సెక్రటేరియట్‌లో ఎప్పుడైనా ఫైలు వెంట తిరిగినవాళ్లెవరికీ ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. "రూల్స్ ఇంకా ఫ్రేమ్ కాలేదండీ" అనే మాట ఏ దేశం నుంచి మనకి వచ్చిందో తెలుసుకోవడానికి బాగుంది.

1929లో హేజిల్‌వుడ్ దంపతులు మళ్లీ గొడవ లేపారు. ఇంగ్లండులో లేబర్ ప్రభుత్వం వచ్చింది, సిడ్నీ వెబ్, అప్పటికి లార్డ్ పాస్‌ఫీల్డ్, వలసల మంత్రి. మూడో భాగం వెంటనే అమలు చెయ్యమన్నాడు. గవర్నరు క్లెమెంటీ ఇష్టం లేకుండానే తలూపాడు. 1929 డిసెంబరు 1 నుంచి ఆరు నెలలు గడువిచ్చారు. 1930 మే 31కి 4,368 మంది పేర్లు నమోదయ్యాయి.

8,653 నుంచి 4,368. అధికారులు సంతోషించారు, సగానికి తగ్గిపోయింది చూశారా అని. తొమ్మిదేళ్లలో కొందరికి పెళ్లిళ్లయి ఉంటాయి, నిజమే. కొందరు చనిపోయి ఉంటారు. కానీ ఊరు పెరుగుతోంది, పిల్లలు వస్తూనే ఉన్నారు. మిగిలినవాళ్లు ఎక్కడికి పోయారు? ఎక్కడికీ పోలేదు. అదే ఇంట్లో, అదే వంటగదిలో ఉన్నారు. పేరు మారింది. రిజిస్టర్ చేస్తే జీతం ఇవ్వాలి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. "మూయ్ త్సాయ్ ఏంటండీ, ఇది మా పెంపుడు కూతురు" అంటే ఏ బాధా లేదు. పెంపుడు కూతురికి చట్టం లేదు.

దీన్ని గట్టిగా పట్టుకున్న మనిషి ఎడిత్ పిక్టన్ టర్బర్‌విల్. ఈవిడ గురించి తెలుగువాళ్లకి తెలియాలి అనిపిస్తుంది. యువతిగా ఉన్నప్పుడు వైడబ్ల్యూసీఏ అనే క్రైస్తవ మహిళా సంఘం తరఫున కొన్నేళ్లు దక్షిణ భారతంలో పనిచేసి వెళ్లింది. తర్వాత లేబర్ ఎంపీ అయింది. గర్భిణికి ఉరిశిక్ష వేయకూడదని 1931లో ఇంగ్లండులో వచ్చిన చట్టం ఆవిడ తెచ్చిన బిల్లే. 1936లో హాంగ్‌కాంగ్, మలయాల్లో మూయ్ త్సాయ్ పరిస్థితి చూసి రమ్మని లండన్ ముగ్గురు సభ్యుల కమిషన్ వేసింది. సర్ విల్ఫ్రిడ్ వుడ్స్ అధ్యక్షుడు, విల్లిస్ ఇంకో సభ్యుడు, మూడో మనిషి ఈవిడ. మగవాళ్లిద్దరూ ఒక నివేదిక రాశారు. ఉన్న చట్టాలు మోస్తరుగా పనిచేస్తున్నాయి, జాగ్రత్తగా ముందుకెళ్దాం అన్న ధోరణి. ఈవిడ ఒక్కతే కూర్చుని వేరే నివేదిక రాసింది.

ఆవిడ చెప్పింది చాలా సులువైన మాట. ఈ పిల్ల మూయ్ త్సాయా, పెంపుడు కూతురా, దూరపు చుట్టమా అని తేల్చే పని మానేయండి. అది తేల్చేది ఎప్పుడూ ఇంటి యజమానే, తనకు నచ్చినట్టు తేలుస్తాడు. కన్నవాళ్ల దగ్గర్నుంచి వేరే ఇంటికి చేతులు మారిన ప్రతి ఆడపిల్ల గురించీ ప్రభుత్వానికి తెలపాలి, ప్రభుత్వం వెళ్లి చూడాలి. కూతురైతే మంచిదే, కూతుర్ని చూపించడానికి భయమెందుకు?

ఆ ఒక్క మెలికతో అరవై ఏళ్ల వాదన ఎగిరిపోయింది. బానిసత్వమా, ఆచారమా అని ఇక ఎవరూ తేల్చక్కర్లేదు. ఆ ఇంటివాళ్లు పిల్లని ఏమని పిలుస్తున్నారో కూడా అడగక్కర్లేదు. కుటుంబాల్లో జోక్యం అని అధికారులు గోల పెట్టారు. అయినా లండన్ చివరికి ఇద్దరి నివేదిక పక్కన పెట్టి ఒక్కదాని నివేదికే తీసుకుంది. 1938లో హాంగ్‌కాంగ్ చట్టం మార్చి పెంపుడు కూతుళ్లనూ రిజిస్టర్ చేయించమంది. ఆ చట్టం నిలదొక్కుకునేలోపే యుద్ధం వచ్చింది. 1941 క్రిస్మస్ రోజున హాంగ్‌కాంగ్ జపాన్ చేతికి పోయింది.

ఉద్యమకారుల్ని దేవుళ్లని చెయ్యాలని నాకు లేదు. హేజిల్‌వుడ్‌ల రాతల్లో పిల్లల బాధ ఎంత ఉందో, ఇంగ్లండు జెండా పరువు అంత ఉంది. అదే కాలంలో ఇంగ్లండులో పద్నాలుగేళ్లకే బడి మానేసి పెద్దింట్లో గిన్నెలు తోమడానికి వెళ్లే పేదింటి పిల్లలు లక్షల్లో ఉన్నారు. ఇంకో లోటు, పిల్లల గొంతు. కమిషన్లు, నివేదికలు, పార్లమెంటు ప్రశ్నలు గుట్టలుగా ఉన్నాయి, ఆ పిల్ల ఏమనుకుందో వెతుక్కోవాలి. ఒక మినహాయింపు జానెట్ లిమ్. ఎనిమిదేళ్లప్పుడు సింగపూర్‌లో అమ్ముడుపోయిన పిల్ల, పెద్దయ్యాక నర్సయింది, ఆసుపత్రి మేట్రన్ అయింది, 1958లో తన కథ తనే రాసింది. అలా రాయగలిగినవాళ్లు ఎంతమందని?

ఇదంతా పరాయి గోడు అనుకుంటే పొరపాటు. మనకు ఇంకా ముందే ఇదే నాటకం ఆడారు. 1843 ఐదో చట్టం కంపెనీ పాలనలోని భారతదేశంలో బానిసత్వాన్ని రద్దు చేసిందని స్కూల్లో చదువుకున్నాం. ఆ చట్టం నిజంగా అన్నది, మనుషుల మీద ఆస్తిహక్కుని కోర్టులు గుర్తించవు అని. నీకు స్వేచ్ఛ వచ్చింది అని బానిసకి వెళ్లి చెప్పే బాధ్యత ఎవరికీ పెట్టలేదు. దానికి ముందు ఇక్కడి దొరలు కూడా రాశారు, భారతీయుల ఇళ్లల్లో దాస్యం మెత్తనిది, కరువులో పిల్లని అమ్మడం అంటే ప్రాణం నిలపడమే అని. ఐటెల్ పుట్టిపెరగక ముందు మాట!

మనకి మాటలకి కొదవా? అరణపు దాసి అన్నాం. కూతురికి అరణంగా గిన్నెలూ, గోవులూ, ఒక మనిషీ. తెలంగాణ గడీల్లో ఆడబాప అన్నారు. దొర బిడ్డ పెళ్లయి వెళ్తుంటే వెంట పంపే పిల్ల. ఆ పిల్ల బతుకు ఎలా ఉండేదో సాయుధ పోరాటం గురించి చదివినవాళ్లకి తెలుసు. ఆడబాప, చిట్టి చెల్లెలు. పేర్లు పెట్టడంలో మనమూ కాంటన్‌వాళ్లూ ఒకటే, వావి కలిపేస్తాం.

1990ల్లో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వాళ్లు చేసిన పని నాకు ఇప్పుడు వేరేలా కనిపిస్తోంది. ప్రమాదకరమైన పని ఏది, కానిది ఏది, ఇంటిపనా, కూలిపనా అన్న చర్చలతో అప్పటి చట్టాలు సతమతమవుతున్నాయి. వీళ్లు అవన్నీ పక్కన పెట్టి, బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నారు. నన్నడిగితే పిక్టన్ టర్బర్‌విల్ పద్ధతి ఇదే, వాళ్లు ఆవిణ్ని చదివారని కాదు. పిల్లని ఏమంటారు అని అడగలేదు, పగలు పదకొండు గంటలకి ఎక్కడుంది అని అడిగారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇంటిపనిలో పెట్టుకోవడం మన దేశంలో 2006 అక్టోబరు 10 నుంచి నేరం. అంటే నిన్నమొన్నటి మాట.

ఏలూరులో మా పెద్దమ్మ వాళ్లింట్లో ఒక అమ్మాయి ఉండేది. నాకంటే రెండేళ్లు పెద్ద. అందరం దాన్ని "పిల్లా" అనే పిలిచేవాళ్లం. సెలవులకి వెళ్తే మాతో తొక్కుడుబిళ్ల ఆడేది, మధ్యలో పిలుపొస్తే వెళ్లిపోయేది, ఆట దాని కోసం ఆగేది కాదు. మొన్న అమ్మని అడిగాను, పిల్లకి జీతమిచ్చేవాళ్లా అని.

"జీతమేంటే, మనింటి పిల్లే కదా అది" అంది అమ్మ. నొచ్చుకుంది కూడా. తర్వాత తనే అంది: "ఏటా సంక్రాంతికి వాళ్ల నాన్న వచ్చేవాడు. ఒక బస్తా బియ్యం, మూడొందలు. మీ పెద్దమ్మ పుస్తకంలో రాసి వేలిముద్ర వేయించుకునేది. ఒకేడు పంట పోయిందని ఐదొందలు అడిగితే పెద్ద గొడవైంది."

నలభై ఏళ్ల నాటి బియ్యం బస్తా, మూడొందలూ అమ్మకి గుర్తున్నాయి. పిల్ల అసలు పేరేంటంటే చాలాసేపు ఆలోచించింది. "వెంకటలక్ష్మో, వీరలక్ష్మో" అంది.

లిఫ్ట్ సంగతికొస్తాను. "మంచి పని చేశారండీ" అన్న తర్వాత నాలుగు రోజులు నాతో నేను వాదించుకున్నాను. ఆవిడ భర్త అసోసియేషన్‌లో ముఖ్యుడు. మా నీళ్ల ట్యాంకర్ గొడవ ఆయన చేతిలో ఉంది. తిరిగి ఊరికి పంపిస్తే తాగుబోతు తండ్రి దగ్గరికే కదా? మనకెందుకు, అసలు వాళ్లు చుట్టాలేమో కూడా తెలియదు. వాళ్లింట్లో పిల్లని కొడుతున్నట్టు ఎప్పుడూ వినలేదు. ఒక్కొక్కటీ మనసులో అనుకుంటుంటే ఒక్కొక్కదాని పక్కనా ఒక తేదీ, ఒక గవర్నరు పేరూ గుర్తొస్తున్నాయి. ఒక్క వాదన కూడా నాది కాదు. టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టలేదు. అంత చదివినదాన్ని నాకే ఇలా ఉంటే, చేతిలో సమ్మె పెట్టుకున్న స్టబ్స్‌కి ఎలా ఉండి ఉంటుందో!

ఐదో రోజు మళ్లీ లిఫ్ట్‌లో కలిశాం. ఈసారి అడిగాను. "పాప ఏ స్కూల్లో చదువుతోందండీ?"

"జూన్‌లో వేద్దామనుకుంటున్నాం" అందావిడ.

ఇది ఆగస్టు. నేను పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. చెప్పాల్సినవి వరుసగా చెప్పుకుంటూ వచ్చాను, అపార్ట్‌మెంట్ పేరు, అంతస్తు, ఎన్నాళ్ల నుంచి ఉంటోంది, ఏమేం పనులు చేస్తోంది. పిల్ల పేరేంటండీ అని అడిగారు. నాకు తెలియదు. నాలుగు నెలలుగా రోజూ చూస్తున్నాను. "పాప" అన్నాను.